నిద్ర లేవకుండా పట్టుకున్న పొద్దు

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తల్లో, నాకు ఈ లోకం మీద ఒకే ఒక్క ఫిర్యాదు ఉండేది. ఇది పొద్దున్నే లేచేవాళ్ల లోకం. రూల్స్ అన్నీ వాళ్లే రాసి పెట్టుకున్నారు. తెల్లవారుజామున లేచి వాకిట్లో బిందెలు ఢణఢణలాడించి వాడకట్టునంతా లేపేవాళ్లు బుద్ధిమంతులు, అర్ధరాత్రి దాటేదాకా చడీచప్పుడు లేకుండా తమ పని తాము చేసుకునేవాళ్లు పనికిమాలినవాళ్లు. వాళ్లు రాత్రి అన్నం తినగానే గుర్రుపెడితే ఎవరూ ఏమీ అనరు. మేము పొద్దెక్కి లేస్తే మాత్రం ఒంట్లో బాగాలేదా అని ఒకరు, బాగానే ఉంది బలుపు అని ఇంకొకరు. ఎటునుంచి లెక్కేసినా పండుకునేది ఇద్దరమూ అంతే కదా అని నేను అప్పుడూ అడిగాను, ఇప్పుడూ అడుగుతున్నాను. ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. (నేను అడిగే టైముకు వాళ్లు పండుకుని ఉంటారు, అదొకటి.)

ఇట్లాంటి దాన్ని పోయి పోయి పాలవాళ్ల ఇంట్లో పుట్టాను. కోస్గి దగ్గర మా ఊరు. చుట్టూ రాళ్ల గుట్టలు, గుట్టల నిండా సీతాఫలం చెట్లు, కింద పల్లి చేన్లు. వాన పడితే పంట, పడకపోతే లేదు. అందుకని ఇంటికో బర్రె ఉండేది, ఆ బర్రెలన్నిటి పాలకూ మా బాపు పెద్దదిక్కు. ఊరి మొదట్లో ఉన్న పాల కేంద్రం ఆయనదే. తెల్లారేసరికి ఆడవాళ్లంతా క్యాన్లు, గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడితే, బాపు ఫ్యాట్ మిషన్ ముందు కూర్చుని ప్రతి గిన్నెలోంచి కొంచెం పాలు దానికి తాగించి, వెన్న ఎంతుందో గట్టిగా చదివేవాడు. ఎవరి పాలల్లో ఎన్ని నీళ్లున్నాయో తెలిసిన మనిషి కాబట్టి ఊళ్లో ఆయనంటే గౌరవం, భయం రెండూ ఉండేవి. అట్లాంటి మనిషి ఇంట్లో, ఎండ మంచం మీదికొచ్చేదాకా ముసుగుతన్ని పండుకునే బిడ్డ.

"బర్రె లేస్తది, దూడ లేస్తది, ఆఖరికి గుడ్డు మీద పొదిగే కోడి గూడ లేస్తది. నా బిడ్డ ఒక్కతే లేవది" అనేవాడు బాపు, వరసలో చివరి మనిషిదాకా వినబడేట్టు. అమ్మ సిగ్గుతో తల దించుకునేది. నా పక్షాన మాట్లాడేది మా అవ్వ ఒక్కతే. బాపు తల్లి. "పండనియ్యిరా, నీ సొమ్మేం పోయింది. నిద్ర పట్టనోల్లను అడుగు దాని విలువ" అని కొడుకును కసిరేది. పొద్దున్నే లేచేవాళ్లలో నాకు నచ్చిన మనిషి ఆమె ఒక్కతే, ఎందుకంటే తను లేచిందని ఇంకెవ్వరినీ లేపేది కాదు.

అట్లాగని రాత్రిళ్లు నేను చుక్కలు లెక్కపెడుతూ కూర్చోలేదు. పెళ్లి ఆల్బంలు తయారుచేసేదాన్ని. పాలమూరులో డిగ్రీ చదివేటప్పుడు ఒక ఫొటో స్టూడియోలో ఆ పని నేర్చుకున్నాను. స్టూడియో నడిపే ఆయన్ని అందరమూ చాచా అనేవాళ్లం. చదువైపోయి ఊరికొచ్చాక, చాచా పెళ్లి ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో వేసి బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపేవాడు. పగలంతా ఇంట్లో బర్రెలు, మనుషులు, మిక్సీ. అందరూ పండుకున్నాక కంప్యూటర్ ముందు కూర్చుంటే నా బుర్ర పాదరసంలా పని చేసేది. పల్లి చేన్లలో పుట్టి పెరిగిన పిల్లాడినీ పిల్లనీ కత్తిరించి తీసుకెళ్లి మంచు కొండల మీద నిలబెట్టేదాన్ని. పట్టుచీరతో, చెప్పులు కూడా లేకుండా. వాళ్లకు చలి పెట్టదా అని ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఆ పని మీద వచ్చిన పైసలతోనే చాచా దగ్గర పాత కెమెరా ఒకటి, పొడుగు లెన్సుతో సహా కొనుక్కున్నాను.

ఒకరోజు చాచా ఫోన్ చేశాడు. "బేటీ, మంచు కొండలతోని జనాలు బేజారైన్రు. మన గుట్ట, మన చేను, మన నెమలి వెనక పెట్టుమంటున్రు. గవ్వి పొద్దుగాల వెల్తుర్లనే తియ్యాలె. నాకు వయసైపోయింది, గుట్టలెక్కలేను. నువ్వొచ్చి నా దగ్గర కెమెరా పట్టు. జీతమిస్త. మా అక్క ఇంట్ల జాగ ఉన్నది, ఫికర్ లేదు. జర సోంచాయించి చెప్పు." సోంచాయించడానికి ఏముంది, ఫోన్ పెట్టేయకముందే నా మనసు పాలమూరు బస్సెక్కి కూర్చుంది. కానీ బాపు ఒప్పుకోవాలి కదా. బాపుకు చెబితే ఆయన నవ్వాడు. కోప్పడితే బాగుండేది, నవ్వేసరికి నాకు కాలింది.

"పొద్దుగాల వెల్తురు ఫొటోలు తీస్తదట. వెల్తురు ఏ దిక్కుకెల్లి వస్తదో ఎరికేనా ఈమెకు?" అని అమ్మవైపు తిరిగి అడిగాడు. తరవాత నావైపు తిరిగాడు. "సరే. వారం దినాలిస్తున్న. ఎవ్వరు లేపొద్దు. నీ అంతట నువ్వే పోయి, పొద్దు పొడిచేటప్పటి ఫొటో ఒక్కటి తెచ్చి నాకు చూపియ్యి. పాలమూరు పో, నేను అడ్డం రాను. తేకపోతే మాత్రం ఆ తెల్లారికెల్లి ఫ్యాట్ మిషన్ కాడ నువ్వు కూసోవాలె. నాకు ఆ అంకెలు సక్కగ కనవడ్తలేవు."

ఫ్యాట్ మిషన్ దగ్గర కూర్చోవడమంటే ఏమిటో మీకు అర్థమవుతోందా. ప్రతిరోజూ, పండగల్లేవు, ఆదివారాల్లేవు, చీకటితో లేవడం. బర్రెలున్నన్నాళ్లూ. జైల్లో కూడా ఖైదీలను అంత పొద్దున లేపరని విన్నాను. "సరే, చూస్కో" అన్నాను.

మొదటి రోజులన్నీ అలారాలకు పోయాయి. ఫోన్‌ను ఇత్తడి గంగాళంలో వేసి మంచం కింద పెట్టాను. ఆ మోతకు ఇంట్లోవాళ్లు లేచారు, పక్కింటివాళ్లు లేచారు, వాళ్ల బర్రె బెదిరి ఆ పూట పాలు చేపలేదని బాపుకు ఫిర్యాదు కూడా వచ్చింది. నేను మాత్రం లేవలేదు. బాపు ఫ్యాట్ మిషన్ పక్కన నాకోసం కుర్చీ ఒకటి తుడిచి వేయించాడు. గడువు ఇంకొక్క రోజే మిగిలిన రాత్రి, ఆల్బం పని చేస్తూ ఉండగా నాకు జ్ఞానోదయమైంది. అసలు నేను లేవడం కోసం ఎందుకు చస్తున్నాను? పండుకున్నవాళ్లు కదా లేవాల్సింది. అసలు పండుకోకపోతే ఆ బాధే లేదు. పొద్దు దానంతట అదే నా దగ్గరికొస్తుంది.

ఇక్కడ సీటీ సారు గురించి ఒక మాట చెప్పాలి. అప్పట్లో ఇంటింటికీ మరుగుదొడ్డి కట్టించే ఊపు నడుస్తుండేది. మంచి పనే, కాదనను. పంచాయతీ తరఫున ఈ సారు, మెడలో సీటీ, అంటే ఈల, వేసుకుని, చీకటితోనే గుట్ట దగ్గర చెట్ల వెనక కాపు కాసి, చెంబు పట్టుకుని ఎవరైనా కనబడితే చాలు పీ అని ఊదేవాడు. ఊళ్లో మొదటి మరుగుదొడ్డి మాదే. మేము మేడ మీదిది వాడుకునేవాళ్లం. మోకాళ్ల నొప్పులతో అవ్వ మెట్లెక్కలేదని, బాపు ఆమె పేరున వాకిట్లో నీలం రంగు తలుపుతో ఇంకొకటి కట్టించాడు. దాని ముందు బాపు, అవ్వ నిలబడి ఉన్న ఫొటో పంచాయతీ ఆఫీసు గోడకు ఉండేది, అందరూ చూసి నేర్చుకోవాలని. సీటీ సారు ఆ వారమే ఇంకొక మాట కూడా చాటించాడట. ఇకమీద బయటికెళ్లినవాళ్లను ఫొటో తీసి అదే గోడకు అంటిస్తామని. ఈ చాటింపు పొద్దున్నే లేచే ప్రతి మనిషికీ తెలుసు. నాకు తెలియదు, ఎందుకంటే చాటేటప్పుడు నేను మంచి నిద్రలో ఉన్నాను.

చీకట్లోనే వెనక దర్వాజా నుంచి బయటపడ్డాను. గుట్ట కింద పల్లి చేను ఒడ్డున ఒక రాయి వెనక బోర్లా పండుకుని, చలికి బాపు నల్ల గొంగడి కప్పుకుని, పొడుగు లెన్సు ఒక్కటీ బయటికి పెట్టాను. నిద్ర లేనందుకు కళ్లు మండుతున్నాయి, కానీ బుర్ర మాత్రం చురుగ్గా ఉంది. ఆకాశం ముందు బూడిద రంగుకు తిరిగింది, తరవాత గుట్ట అంచున ఎరుపు. పెద్ద రాతి గుండు మీదినుంచి నెమలి ఒకటి దిగి చేన్లోకి వచ్చింది. పల్లికాయలు తవ్వుకు తినడానికి వచ్చింది, నాకోసం కాదు. సరిగ్గా అప్పుడే రెండు గుండ్ల సందులోంచి ఎండ పడింది, దాని మెడ మీద నీలం భగ్గుమంది. నేను నొక్కాను. నెమలి కదిలి ఇంకొన్ని పాడయ్యాయి గానీ ఒక్కటి కుదిరిందని నొక్కినప్పుడే నాకు తెలిసింది. నా జీవితంలో పొద్దు పొడవడం చూడటం అదే మొదలు. ఒప్పుకుంటాను, బాగుంది. (అంత పొద్దున పెట్టుకోవాల్సిన అవసరం ఏమిటన్నదే నా ప్రశ్న.)

ఇంతలో చెట్లలోంచి ఒక కేక. "వామ్మో, ఫొటోలోల్లు వచ్చిన్రే, గొంగడి కప్పుకోని పండిన్రు." ఆ తరవాత నేను చూసింది చెప్పడానికి మర్యాద కాదు. ఏ చెట్టు వెనక చూసినా కొంగులు ముఖానికి కప్పుకుని పరుగెత్తే ఆడవాళ్లే. వాళ్లకంటే ముందు చెంబులు దొర్లుకుంటూ గుట్ట దిగాయి. నెమలి ఎగిరిపోయింది. నేను లేచి నిలబడి, వాళ్ల భయం పోగొడదామని "నేనే, పాలాయన బిడ్డను" అని అరిచాను. అది ఇంకా ఘోరమైంది. "పాలాయన సొంత బిడ్డనే పెట్టి తీపిస్తుండే" అని ఎవరో అన్నారు, ఆ మాట నాకంటే ముందు ఊళ్లోకి వెళ్లింది.

నేను అదేమీ పట్టించుకోకుండా నా ఫొటో చూసుకున్నాను. ఎంత బాగా వచ్చిందో ఏమని చెప్పను. ఎర్రటి వెలుతురు, గుండ్లు, చేను, నెమలి మెడ. పాలమూరు వచ్చేసినట్టే అనుకుంటూ పెద్దది చేసి ఒక్కో మూలా చూస్తుంటే, కుడివైపు సీతాఫలం చెట్ల మధ్య ఒక మనిషి కనబడింది. చేతిలో చెంబు, ఇంకో చేతిలో కర్ర, తల మీద కొంగు, ముఖం మీద నిండా ఎండ. ఇంటికి నడుస్తోంది. మా అవ్వ. నీలం తలుపున్న గది సొంతంగా ఉండి, పంచాయతీ గోడ మీద ఫొటో ఉండి, మా అవ్వ. నాకు నవ్వొచ్చింది, తరవాత రాలేదు. ఇంటికెళ్లగానే ఆ మూల కత్తిరించేద్దాం, అందరినీ మంచు కొండలకు పంపినదాన్ని ఇదొక లెక్కా అనుకున్నాను. కానీ ఇంటికి దారి పాల కేంద్రం ముందునుంచే.

అక్కడ వరస లేదు, గుంపు ఉంది. క్యాన్లన్నీ కింద పెట్టి ఉన్నాయి, ఎవరూ పాలు పోయడం లేదు. "నీ బిడ్డ ఫొటోలు తీసే కాడికైతే నీకు పాలు పొయ్యం, మంచిగ చెప్తున్నం" అంటోంది ముందున్న ఆమె. బాపు బిత్తరపోయి చూస్తున్నాడు. ఆ గుంపు మధ్యలోంచి సీటీ సారు చేతులు చాపుకుంటూ నాకు ఎదురొచ్చాడు. అంత సంతోషం ఆయన ముఖంలో ఎప్పుడూ చూడలేదు.

"శభాష్ బిడ్డా. మేం ఇన్ని దినాలల్ల చెయ్యలేంది నువ్వొక్క పొద్దుగాలనే చేసినవ్. ఏది, ఫొటోలు చూపియ్యి."

"నేను మీకోసం తియ్యలే సార్. నెమలి కోసం పోయిన" అన్నాను.

"చూపిస్తే పోయేదేంది బిడ్డా" అన్నాడు బాపు. ఆయన గొంతులో అప్పుడొక మెత్తదనం వచ్చింది. "నిజంగనే పోయినవా? పొద్దు పొడిచేటప్పటిదేనా? తే, నేను గూడ చూస్త. షరతు షరతే. ఫొటో ఉంటే ఇయ్యాలనే పాలమూరు బస్సెక్కు."

ఎన్నేళ్లుగానో బాపు నాతో అంత ముద్దుగా మాట్లాడలేదు. చెయ్యి చాపి నిలబడ్డాడు. ఆయన పక్కనే సీటీ సారు మెడ సాచి నిలబడ్డాడు. చూపిస్తే పాలమూరు. చూపిస్తే అవ్వ కూడా, ఈ ఆడవాళ్లందరి ముందు, ఈ సారు ముందు, పంచాయతీ గోడకు ఎక్కిన కొడుకు ముందు. బాపు కళ్లకు అంకెలు కనబడకపోవచ్చు, తల్లి కనబడకుండా ఉండదు. నేను కెమెరా వెనక్కి తిప్పుకుని, పాడైనవాటితో సహా ఆ పొద్దున తీసినవన్నీ ఎంచి, బొటనవేలితో చెత్తబుట్ట గుర్తు నొక్కాను. నిజంగానే తీసేయాలా అని అది అడిగింది. కెమెరాకున్న బుద్ధి మనుషులకుండదు. అవునని నొక్కాను.

"తీసేసిన" అన్నాను.

"ఎందుకు?"

"నా ఫొటో. నా ఇష్టం."

బాపు చాపిన చెయ్యి కిందికి దిగింది. "అసలు తీసినవో లేదో" అన్నాడు.

ఆ మాటకు నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. "తీసిన. నిద్ర లేచి గూడ కాదు, రాత్రంత పండుకోకుండ పోయి తీసిన. పొద్దుగాల లేచుడు గొప్ప అని మీరు అనుకుంటున్రు గదా, నేను లేవకుండనే తీసిన. ఇప్పుడు లేదు. షరతు ప్రకారం ఓడిపోయిన, సరే. కని ఆ కుర్చీల మాత్రం కూసోను. కూసుండబెడితే అంకెలన్ని నా ఇష్టమొచ్చినట్టు చదువుత, ఊరోల్లంత నీళ్లకు పైసలు తీస్కపోతరు" అన్నాను. వరసలో ఒకరిద్దరి ముఖాలు ఆశగా వెలిగాయి గానీ బాపు ముఖం నల్లబడింది. పాల కేంద్రంలో నోరెత్తి ఎవరూ ఆయనకు ఎదురు చెప్పింది లేదు. కుర్చీ చూపించి "కూసో" అన్నాడు. నేను కదల్లేదు.

అప్పుడు వెనకనుంచి కర్ర చప్పుడు వినబడింది. అవ్వ. కాళ్లు కడుక్కుని, వేరే చీర కట్టుకుని, రోజూలాగే కేంద్రం అరుగు మీద కూర్చోవడానికి వచ్చింది. అంతా విన్నదని ఆమె ముఖం చూస్తేనే తెలిసింది.

"తీసింది" అంది అవ్వ. "నేను చూసిన. నెమలి చేన్లకు దిగింది. పిల్ల రాయి ఎనక పండి ఉండె. పొద్దు అప్పుడే పొడిచింది. నెమలి బెదురుతదని నేను మెల్లగ నడిచిన."

"నువ్వు యాడికి నడిచినవే?" అన్నాడు బాపు.

"యాడికంటే ఏందిరా. అందరు పోయే కాడికే." అవ్వ కర్ర ఆనించి సీటీ సారువైపు తిరిగింది. "అవ్ సారు. నేనే పోయిన. రోజు పోత. ఊదుతవా, ఊదు. నా కొడుకు నాకు కట్టిచ్చిన దాంట్ల వానాకాలంకెల్లి దాణా బస్తాలు పెట్టిండు. తలుపు తీస్తే మీద పడ్తయి. నన్ను బస్తా మీద కూసోమంటవా? గోడకు నా ఫొటో పెట్టిన్రు గదా, దాని పక్కకు దాణా బస్తాల ఫొటో గూడ పెట్టుర్రి."

ముందు నవ్వింది ఎవరో తెలియదు. ఆ తరవాత కేంద్రం మొత్తం నవ్వింది. నీళ్ల పాలవాళ్లు, మంచి పాలవాళ్లు, అందరూ. బాపు తల దించుకున్నాడు. ఆ నీలం తలుపు ముందునుంచి రోజుకు పదిసార్లు నేనూ తిరిగినదాన్నే, అవ్వ ఎక్కడికి వెళ్తోందని మా ఇంట్లో ఎవ్వరమూ అడగలేదు. సీటీ సారు మెడలోంచి సీటీ తీసి జేబులో వేసుకున్నాడు. ముందు నిలబడ్డ ఆమె క్యాన్ ఎత్తి "పొయ్యుర్రి, పొయ్యుర్రి, పాలు ఇరుగుతయి" అంది.

"ఫొటో లేకపోతే సాక్ష్యం నేనున్న" అంది అవ్వ, కొడుకుతో, గొంతు తగ్గించి. "అది ఎందుకు తీసేసిందో నీకింకా సమజైతలేదా?"

బాపు తను తుడిపించిన కుర్చీ తనే మడిచి లోపల పెట్టాడు. ఆ రోజు మధ్యాహ్నం దాణా బస్తాలన్నీ తనే మోసి నా గదిలోకి మార్చాడు. "ఎట్లాగు ఖాళీ అయితాంది గదా" అన్నాడు, నావైపు చూడకుండా. నేను బస్సెక్కేసరికి నా మంచం మీద కూడా బస్తాలున్నాయి.

పాలమూరులో చాచా దగ్గర నేను చాలా ఏళ్లు చేశాను, ఇప్పుడు ఆ స్టూడియో నేనే చూసుకుంటున్నాను. గుట్టలు, చెరువులు, పల్లి చేన్లలో నెమళ్లు, మంచు పట్టిన పొద్దులు ఎన్ని తీశానో. వాటిలో ఒక్కదానికోసమూ నిద్ర లేవలేదు, అన్నిటికీ పండుకోకుండానే వెళ్లాను. ఇంత పొద్దున ఎట్లా లేస్తారు మేడం అని ఎవరైనా మెచ్చుకుంటే, లేవను అని ముఖం మీదే చెప్తాను. అవ్వ ఇప్పుడు లేదు. ఆమె ఫొటోలు ఇంట్లో చాలానే ఉన్నాయి, పంచాయతీ గోడ మీదిది కూడా బాపు అడిగి తెచ్చుకున్నాడు. వేటిలోనూ ఆమె ముఖం మీద ఆ వెలుతురు లేదు. అయినా మళ్లీ ఆ పరిస్థితే వస్తే మళ్లీ అదే నొక్కుతాను, ఈసారి ఇంకా తొందరగా నొక్కుతాను.

ఈ మధ్య ఒక ఘోరం జరుగుతోంది. వయసు పెరిగినకొద్దీ, ఎవరూ లేపకుండా, అలారం లేకుండా, చీకటి ఉండగానే నాకు మెలకువ వస్తోంది. ఈ సంగతి బాపుకు ఇంకా తెలియదు, తెలియనివ్వను. కళ్లు గట్టిగా మూసుకుని, ముసుగు తన్ని, మొండిగా అట్లాగే పండుకుని ఉంటాను. మూసుకున్న కళ్ల ముందు, నెమలి బెదరకుండా మెల్లగా నడుచుకుంటూ అవ్వ ఇంటికి వెళ్తుంటుంది. ఆమె ఇల్లు చేరేదాకా నేను లేవను.